నానీ, పక్కవాడి బొమ్మ చూసేటప్పుడు

ఒరేయ్ నానీ,

ఉద్యోగం మానేసి, ఇంకో ఇద్దరితో కలిసి మద్రాసు పక్కన ఇంజంబాక్కంలో బొమ్మలేసుకోవడానికి స్టూడియో తీసుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. నాతో చెప్పడానికి నీకేం భయంరా? సంతోషంతో సగం రాత్రి, టెన్షన్‌తో సగం రాత్రి మేలుకునే ఉన్నాను. ఫోన్ చేస్తే 'సరే అత్తా, సరే అత్తా' అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

అద్దె కాగితం ముగ్గురి పేర్ల మీదా రాయించుకోండి. సముద్రం దగ్గర కాబట్టి కాన్వాసులు గోడకి ఆనించి పెట్టకండి, వానాకాలంలో బూజు పడుతుంది. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. ఇవి ఎవరైనా చెప్తారు.

నా బెంగ వేరే. ఎవరి బొమ్మలూ చూడనని, చూస్తే నీ సొంత శైలి పాడైపోతుందని అన్నావట. ఒకే గదిలో ముగ్గురు బొమ్మలేస్తూ చూడకుండా ఎలా ఉంటావు? చూస్తావు. చూడాలి కూడా. నువ్వు స్టూడియో తీసుకుంటున్న ఆ ఊళ్ళోనే 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కలిసి చోళమండలం అని చిత్రకారుల ఊరు పెట్టారు, బాతిక్ (మైనం అద్దకం) గుడ్డలూ చేతిపనులూ అమ్మిన డబ్బుతో స్థలం కొనుక్కుని. పణిక్కర్ గారు అప్పటికే అక్షరాలు, జాతక చక్రాల్లాంటి గళ్ళు కాన్వాసు మీదకి తెచ్చారు. అందరూ అవి రోజూ చూసేవాళ్ళే. అక్కడే ఉన్న ఇంకో చిత్రకారుడు రామానుజం మాత్రం తన ఇంకు గీతల్తో కలలో కనపడే మేడలు, పాములు, టోపీ పెట్టుకున్న తననే వేసుకుంటూ ఉండేవాడు. చూసినంత మాత్రాన వాళ్ళ శైలులు ఎక్కడికీ పోలేదు. మన చందమామలో చిత్రా, శంకర్, వపా ఏళ్ళ తరబడి ఒకే పత్రికకి వేశారు కదా, కింద సంతకం మూసేసినా ఇది ఎవరి బొమ్మో మా ఈడు పిల్లలందరం చెప్పేసేవాళ్ళం.

ఇంకొకరి నుంచి తీసుకోవడం ఎలాగో చిత్రకారుడు కె. శ్రీనివాసులు గారిని చూసి నేర్చుకో. ఆయన నాగలాపురంలో పెరిగి మద్రాసులో చదువుకున్నారు. కలకత్తాలో చిత్రకారుడు జామినీ రాయ్ వేస్తున్న బొమ్మలు ఆయన్ని పట్టుకున్నాయి. జామినీ రాయ్ బెంగాల్ పల్లెటూరి పటాల దగ్గరికి వెళ్ళాడు. శ్రీనివాసులు గారు జామినీ రాయ్ బొమ్మల్లోని ఆ పెద్ద కళ్ళనే మళ్ళీ వేస్తూ కూర్చోకుండా, మరి నా ఊరి బొమ్మలేవి అని వెతుక్కుంటూ తోలుబొమ్మల దగ్గరికి, కొండపల్లి బొమ్మల దగ్గరికి, లేపాక్షి గోడల దగ్గరికి వచ్చారు. నాకు ఆయనంటే అంత గౌరవం ఎందుకంటే, తన కాలంలోనే ఉన్న ఒక మనిషి వేసుకున్న ప్రశ్న తీసుకుని, జవాబు మాత్రం తన ఇంట్లో వెతుక్కున్నారు. నువ్వు ఫోన్లో సేవ్ చేసుకునే బొమ్మల్లో ఆ ప్రశ్న కనపడదురా. అరచేయంత బొమ్మలో రంగు ఎంత మందంగా ఉందో, ఎక్కడ తుడిచేసి మళ్ళీ వేశాడో ఏం తెలుస్తుంది? గ్రీమ్స్ రోడ్డు లలితకళా అకాడెమీకి వెళ్ళు, చోళమండలం మ్యూజియం ఎలాగూ పక్కనే, వెళ్ళి ఒక్క బొమ్మ ముందు కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడు.

ఇక నా అసలు భయం చెప్తాను, ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. మద్రాసులో పాత పుస్తకాలమ్మే మూర్ మార్కెట్ కాలిపోకముందు మాట. ట్రిప్లికేన్‌లో ఒక మేడ మీద గదిలో మేం ముగ్గురం బొమ్మలేసుకునేవాళ్ళం. ఒకతనిది నాయుడుపేట. వాళ్ళ నాన్నకి కిరాణా కొట్టు ఉండేది, అప్పులిచ్చి ఇచ్చి కొట్టు మూతపడింది, తర్వాత ఆయనా పోయాడు. ఇతను ఆ ఖాతా పుస్తకాలు సంచిలో మోసుకొచ్చి, పేజీలు కాన్వాసు మీద అంటించి, పైన పల్చగా రంగు వేసేవాడు, బాకీ ఉన్నవాళ్ళ పేర్లు కింద నుంచి కనపడేలాగా. నెలకి ఒకటి కూడా అయ్యేది కాదు. ఒక పేజీ చించడానికి ఒక రోజంతా ఆలోచించేవాడు. మూడో అతను చెయ్యి వేగం ఉన్నవాడు, మంచివాడు కూడా, డబ్బుల్లేనప్పుడు మాకు అన్నం పెట్టింది అతనే. నాయుడుపేట అతను సగం వేసిన బొమ్మలు రోజూ చూస్తూ చూస్తూ ఒకరోజు మూర్ మార్కెట్‌లో ఎవరివో పాత లెక్కల పుస్తకాలు కొనుక్కొచ్చి, చకచకా డజను బొమ్మలు వేసి, ఇతనికంటే ముందు ప్రదర్శనలో పెట్టేశాడు. బాగున్నాయి, అమ్ముడుపోయాయి. నాయుడుపేట అతను గొడవేమీ పెట్టలేదు. మరుసటి ఏడు తనవి పెడితే, చూసినవాళ్ళంతా 'అచ్చం మీ ఫ్రెండువి లాగానే ఉన్నాయే' అన్నారు. అవన్నీ దింపేసి, సినిమా బ్యానర్లు రాసేచోట పనికి చేరిపోయాడు. మళ్ళీ ఆ గదికి రాలేదు.

ఆ మూడో అతను నాతో అన్న మాట, 'కాగితం అంటించడం వాడి సొత్తా?' అని. కాదు, ఎవరి సొత్తూ కాదు. 1912లో ఫ్రాన్స్‌లో బ్రాక్ అనే చిత్రకారుడు చెక్క గీతలున్న గోడ కాగితం బొమ్మలో అంటించాడు, అదీ పక్కనే ఉన్న పికాసో పారిస్ వెళ్ళేదాకా ఆగి. వాళ్ళిద్దరి బొమ్మలూ ఎవరివి ఎవరివో చెప్పలేనంత దగ్గరగా పనిచేసిన రోజుల్లో కూడా! చూసిన పికాసో ఊరుకుంటాడా, కొద్ది వారాల్లోనే తనూ అందుకున్నాడు. కానీ నీ కాగితం పద్ధతే వాడుతున్నానని బ్రాక్‌కి ఉత్తరం రాశాడు. మా గదిలో అలాంటి ఒక్క మాట లేదురా. ఒక సాయంత్రం టీ తాగుతూ 'ఒరేయ్, నీది చూశాక నాకూ చెయ్యాలనుంది, ముందు నువ్వు పెట్టు, తర్వాత నేను పెడతాను' అని ఉంటే ఆ అబ్బాయి తనే ఇంకో పుస్తకం ఇచ్చి ఉండేవాడు, నాకు తెలుసు.

నీ గురించి ఎందుకింత భయం అంటావా, చిన్నప్పుడు బాపు బొమ్మ పక్కన పెట్టుకుని పావుగంటలో దించేసేవాడివి, ఇంటికొచ్చినవాళ్ళందరికీ నేనే గొప్పగా చూపించేదాన్ని. నీ చెయ్యి ఆ మూడో అతని చెయ్యి. గోడకెక్కిన బొమ్మ నుంచి ఎంతైనా తీసుకో, ఎవరి నుంచి తీసుకున్నావో పక్కన రాయి. ఈజిల్ మీద ఇంకా పచ్చిగా ఉన్నదాని జోలికి మాత్రం అడక్కుండా వెళ్ళకు. అడగడానికి సిగ్గేస్తే ఆ రోజు బ్రష్ ముట్టుకోకు. నీది ఎవరైనా తీసుకున్నారనుకో, ఆ నాయుడుపేట పిల్లాడిలా మింగి కూర్చోకు, ఆ పూటే అడిగెయ్యి. అరిచినా పర్వాలేదు. నీకు అరవడం రాదని తెలిసే చెప్తున్నాను, నా తండ్రీ.

ఇంతకీ ఆ ఇద్దరూ ఎవరు, ఏం వేస్తారు? మీ అమ్మకి పేర్లు కూడా తెలియవట. సామాన్లు చేర్చకముందే వచ్చే ఆదివారం ముగ్గురూ భోజనానికి రండి, వాళ్ళవి తలా రెండు బొమ్మలు తెమ్మను. గోంగూర పచ్చడి చేస్తాను. డబ్బు ఎంత తక్కువైందో అక్కడే చెప్దువుగాని, మీ మామయ్య దగ్గర మొహమాటపడకు.

మీ అత్త