కళింగపట్నం రేవు ఏమైంది? అక్కడ సముద్రంలో దిగొచ్చా?

ప్రశ్న: తుపాను పట్టినప్పుడల్లా కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటాం. వెళ్లి చూస్తే ఓడ జాడే లేదు. అక్కడ నిజంగా రేవు నడిచిందా? సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో వెళ్దామనుకుంటున్నాం, స్నానాలకు మంచిదేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: నడిచింది, బ్రిటిషు కాలంలో బాగానే నడిచింది. అయితే ఓడ ఏనాడూ గట్టుకు ఆనలేదు. వంశధార తెచ్చి పోసే ఇసుక వల్ల ఒడ్డు దగ్గర లోతు చాలదు. ఓడలు దూరంగా లంగరేస్తే మసూలా పడవలు సరుకు చేరవేసేవి. వాటికి మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుకమీద కొట్టినా పడవ కాస్త వంగి తట్టుకునేది. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకు విచ్చిపోయేది.

1890లలో రైలుమార్గం తీరాన్ని వదిలి మీ ఆమదాలవలస మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు, అక్కడ ఓడ నేరుగా గట్టుకే వస్తుంది. ఇక పడవల్లో ఎక్కించి దించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

రేవు పోయినా హెచ్చరిక ఉండాల్సిందే, వేటకెళ్లే పడవలకు అదే ఆధారం. ఈ నంబర్లను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. 5, 6, 7 అంటే ఒకదాన్ని మించి ఒకటి తీవ్రమని కాదు. తుపాను రేవుకు ఏ పక్కన తీరం దాటుతుందో 5, 6 చెబుతాయి; రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటితే 7. తీవ్ర తుపానుకు ఇదే వరసలో 8, 9, 10. సమాచార సంబంధాలు తెగిపోతే 11. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ ఊరికి కాస్త ఉత్తరానే.

ఇక స్నానం. జనవరిలో సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. కానీ నది కలిసేచోట మాత్రం దిగనివ్వకండి. పోటు తీసేటప్పుడు నది నీరూ, వెనక్కిపోయే సముద్రపు నీరూ కలిసి లోపలికి లాగుతాయి. ఇసుక దిబ్బలు ఏటా జరుగుతుంటాయి కాబట్టి నిరుడు మోకాలి లోతున్న చోటు ఈసారి నిలువు లోతు కావచ్చు. దిగే ముందు అక్కడి మత్స్యకారుల్ని అడగండి.

దూరంగా ఉన్న చోటైనా పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. రెండు పక్కలా కెరటాలు విరిగి నురగ వస్తూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, ముదురు రంగులో కనబడితే లాగుడు అక్కడే. పిల్లలు నెమ్మదిగా ఉందని అటే పోతారు. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదొద్దు, అలిసిపోతారు. తీరం వెంబడే పక్కకు ఈది, నురగలోకి వచ్చాక ఒడ్డుకు తిరగాలి. ఈత రానివాళ్లు మోకాలు దాటి వెళ్లకూడదు.

వచ్చేటప్పుడో పోయేటప్పుడో శాలిహుండం కొండెక్కండి. గిడుగు రామమూర్తి 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాలున్నాయి, పైనుంచి వంశధార కనిపిస్తుంది. ఎండ ముదరకముందే ఎక్కితే పిల్లలకు సులువు.