మంచం పక్కన నీళ్ల గ్లాసు ఎక్కడ ఉందో చూడండి

పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన మీ నాన్నగారి కోసం నెల్లూరులో మూడు వృద్ధాశ్రమాలు చూశామని, వాటిలో ఎక్కడ బాగా చూసుకుంటారో తేల్చుకోలేకపోతున్నామని అడిగారు. మా అమ్మ తుంటి ఎముక విరిగిన తరువాత నెల్లూరు చుట్టుపక్కలే రెండు ఆశ్రమాలలో ఉంది. మొదటిదాన్ని ఎంచుకోవడంలో పొరపాటు పడ్డాను కనుక, ముందు ఆ సంగతి చెబుతాను.

మేము చూడడానికి వెళ్లింది ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, అదీ ముందుగా ఫోను చేసి. గ్రానైటు పరిచిన హాలు, పూలకుండీలు, భజన చేస్తున్న పెద్దవాళ్లు, గోడ మీద పుట్టినరోజు ఫోటోలు చూపించి కాఫీ ఇచ్చారు. అక్కడే డిపాజిట్ కట్టేశాను. మూడో నెలలో ఒక మంగళవారం కావలి నుంచి చెప్పకుండా బయలుదేరి రాత్రి ఏడున్నరకు వెళితే, అమ్మ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మూత పెట్టిన స్టీలు గ్లాసు కిటికీ గట్టు మీద, ఆమె చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉంది. నీళ్లెందుకు తాగడం లేదని అడిగితే, "తాగితే బాత్రూముకు పోవాల గదా నాయనా, రాత్రికి ఆ పిల్ల ఒక్కతే, ఎన్నిసార్లని లేపేది?" అంది. ఆ అంతస్తులో ఇరవై ఆరు మందికి రాత్రిపూట ఉన్నది ఒక్క ఆయా. పది రోజులకు మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం వచ్చి, అమ్మ నన్ను మా మేనమామ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో పక్కకు తిప్పినప్పుడు మడమ మీద పుండు కూడా బయటపడింది. మేనేజరుగారు "వయసు కదండీ" అన్నారు. ఆ ఆయాను మాత్రం నేను తప్పు పట్టలేను.

అందువల్ల మీరు మళ్లీ వెళ్లేటప్పుడు రాత్రి ఏడు దాటాక, చెప్పకుండా వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే ఆ ఆశ్రమాన్ని వదిలేయవచ్చు. రానిస్తే భజన చేసేవాళ్ల దగ్గర కాక, మంచం దిగలేనివాళ్ల దగ్గర, వారు ఒప్పుకుంటే కాసేపు నిలబడండి. నీళ్లు, పిలిచే గంట మంచి చెయ్యి వైపు ఉన్నాయా అన్నది మొదట చూడవలసింది. మీ నాన్నగారి విషయంలో అవి కుడి వైపు ఉండాలి. లేవదీసేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగుతున్నారేమో గమనించండి, ఎందుకంటే పట్టు తప్పిన భుజం కీలు అలా లాగితే జారిపోతుంది. అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే మరొకటి పెట్టాలి. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, పడుకోబెట్టి పెడితే అన్నం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. ఏడు గంటలకే హాలంతా గాఢనిద్రలో ఉంటే, ఎవరెవరికి నిద్రమాత్రలు ఇస్తున్నారో, ఏ డాక్టరు రాశారో అడగండి.

పుండ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మడమలు, నడుము కింది ఎముక, తుంటి దగ్గర ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే. కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలని నర్సులకు నేర్పుతారు కనుక దానికి రిజిస్టరు ఉంటుంది, అడిగి చూడండి. నేను చూసిన ఒక చోట సాయంత్రం ఆరు గంటలకే రాత్రి పది వరకు సంతకాలు పూర్తయి ఉన్నాయి! గాలి పరుపు ఉందని చెబితే, దాని మోటారుకు ఇన్వర్టరు కలిపారో లేదో కూడా కనుక్కోండి. మే నెల నెల్లూరు ఎండలో కరెంటు పోయిందంటే ఫ్యానుతో పాటు అదీ ఆగిపోతుంది.

వాసన గురించి అందరూ చెబుతారు గాని, ఫినాయిలు ఘాటు చూసి శుభ్రంగా ఉందనుకోకండి. శాకాహారం మాత్రమే పెట్టే చోట్లు ఉన్నాయి; చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషైతే ఇంటి నుంచి తేనిస్తారా అని ముందే అడగాలి. తిండి సరిపోతున్నదీ లేనిదీ బరువు చెబుతుంది. ప్రతి నెలా తూస్తారా అని అడగండి. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాలి. అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు, ఏ బండిలో తీసుకుపోతారు, డైపర్లు, ఫిజియోథెరపీ ఖర్చు నెల రుసుములో కలిసే ఉందా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

అమ్మను తరువాత చేర్చిన చోట గోడలకు సున్నం పెచ్చులూడి ఉంది. అయినా నెల తిరగకముందే అక్కడి ఆయా, ఎడమ పక్కకు తిప్పితే అమ్మకు నిద్ర పట్టదని, మాత్రను అరటిపండు ముక్కలో పెడితే మింగుతుందని నాకే చెప్పింది.

చేర్చిన తరువాత ఏదైనా తేడా కనిపించి, ఆశ్రమం వాళ్లు పట్టించుకోకపోతే, పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైనుకు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది లోపు ఫోను చేయవచ్చు. అంతవరకు రాకముందే, సిబ్బంది ఎవరూ దగ్గర లేనప్పుడు, రాత్రి బాత్రూము వస్తే ఎవరిని పిలుస్తారని మీ నాన్నగారినే అడగండి. ఎవరో ఒకరి పేరు చెబితే సరే. "ఎందుకులే, తెల్లారిందాకా ఓర్చుకుంటా" అంటే వేరే చోటు వెతకడం మొదలుపెట్టండి.