విజువల్ లెర్నర్‌నని డిసెక్షన్‌కి ఎగ్గొట్టకురా

చిన్నా,

మొన్న ఫోన్లో "అత్తా, నేను విజువల్ లెర్నర్‌ని, చూస్తేనే నాకు వస్తుంది, టెస్టులో తేలింది, ఇక వీడియోలే" అన్నావు. శవాల్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో గోడవార నిలబడి వచ్చేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు అనాటమీ చెప్పినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నా.

నువ్వు రాసిన వార్క్ టెస్టు చెడ్డదేం కాదు. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ 1987లో తయారుచేశాడు. చూడటం, వినటం, చదివి రాయటం, చేసి తెలుసుకోవటం, వీటిలో నీకేది ఇష్టమో పదహారు ప్రశ్నల్లో తేల్చుతుంది. అంతే. ఇష్టమైన దారిలో చదివితే ఎక్కువ వస్తుందా అన్నది వేరే సంగతి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు తిరగేసి, దానికి సరైన ఆధారం లేదన్నారు. ఇండియానా యూనివర్సిటీలో అనాటమీ విద్యార్థుల మీదే చూశారు. తమ స్టైల్ ప్రకారం చదివినవాళ్లకు మార్కులేం పెరగలేదు.

ఎలా చదవాలో పాఠమే చెబుతుందిరా. క్లావికిల్‌ని, అదే కాలర్ బోన్‌ని, కళ్లు మూసుకుని పట్టుకో. మొద్దుగా ఉన్న కొస ఛాతీ వైపు, చదునుగా ఉన్నది భుజం వైపు. ఛాతీ వైపు వంపు ముందుకు పొంగాలి, గాడి ఉన్న పక్క కిందికి. కుడిదో ఎడమదో వేళ్లకే తెలిసిపోతుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదటి ప్రశ్న అదే, అక్కడ వీడియో ఉండదు. రేపు గుండె కవాటం ఇరుకైతే వచ్చే చప్పుడు, అదే మైట్రల్ స్టెనోసిస్ మర్మర్, చెవితో తప్ప పట్టుకోలేవు. నేను విజువల్‌నంటే పేషెంటు గుండె వింటుందా?

నా సంగతి కూడా చెబుతా. ఫస్టియర్‌లో బ్రేకియల్ ప్లెక్సస్‌ని, మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లికని, నాలుగు రంగుల పెన్నులతో ఎంత అందంగా ఎక్కించానో! హాస్టలంతా ఆ నోట్సు జిరాక్స్ తీసుకున్నారు. వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ తెల్లకాగితం ఇచ్చి గియ్యమంటే, రెండో మెట్టు ట్రంకుల దగ్గరే ఆగిపోయాను. చూసి ఎక్కించిందే తప్ప, మూసి గీసింది ఒక్కసారీ లేదు మరి.

అందుకే పుస్తకం మూసెయ్యి. సి5 నుంచి టి1 దాకా వెన్ను నరాల 5 రూట్లు, 3 ట్రంకులు, 6 డివిజన్లు, 3 కార్డులు గియ్యి. ఎక్కడ ఆగావో అక్కడ మాత్రం తెరిచి చూడు, మళ్లీ మూసి గియ్యి. చిరాకుగానే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే నెగ్గారు. వారం తర్వాత అడిగితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. నీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా.

తర్వాత టేబుల్ దగ్గర ముందు వరసలో నిలబడు. ఫార్మలిన్‌కి కళ్లు మండితే కాసేపు బయటికెళ్లి రా, తప్పులేదు. కెడావర్, అంటే ఆ శవం, చంకలో ఆర్టరీ ముందు మస్క్యులోక్యుటేనియస్, మీడియన్, అల్నార్ నర్వులు ఎం అక్షరంలా కనిపిస్తాయి. ముందు దాన్ని పట్టుకుని, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటి లేపుతూ పైకి వెళ్లు.

ఆదివారం నువ్వు గీసిన బొమ్మ ఫొటో వాట్సాప్‌లో పెట్టు. దిద్దకముందే తియ్యాలి, ఎక్కడ తప్పావో నాకు కనిపించాలి.

మీ అత్త