ఊరు అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన చదివాను. గ్రామ భాగస్వామ్యం, ప్రాథమిక విద్య మీద ఒక మండలంలో 12 బడులు, బడికి 50 మంది పిల్లలు, 14 నెలల గడువు అని రాశావు. విషయం అవసరమైనది. శ్రద్ధగా చేస్తావన్న నమ్మకం కూడా కలిగింది. అయితే "గ్రామస్తుల అభిప్రాయం", "ఊరి సహకారం", "సమాజం ముందుకు రావడం" అన్న మాటలు దాదాపు ప్రతి పేజీలోనూ కనిపించాయి. ఆ ఊళ్లో ఎవరు, ఏ వీధివాళ్లు అన్నది ఎక్కడా లేదు. ఈ ఉత్తరంలో చాలాభాగం ఆ లోటు గురించే.

మన భాషలో ఊరు వేరు, వాడ వేరు. "ఊరూ వాడా" అని జంటగా అనడంలోనే ఆ ఎరుక ఉంది. రెవెన్యూ లెక్కలో ఒకటే గ్రామం. దాని కింద పాత ఊరు, ఎస్సీ కాలనీ, అటు తండా, ఇంకా అవతల గూడెం. బడి వీటిలో ఏదో ఒకదానికి దగ్గరగా ఉంటుంది. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. మ్యాపులో 800 మీటర్లే కనిపించవచ్చు. మధ్యలో వర్షాకాలం దాటలేని వాగో, లారీలు ఆగని రహదారో ఉంటే ఆరేళ్ల పిల్లకు ఆ 800 మీటర్లూ వేరే లెక్క. అందుకే ప్రశ్నావళి రాయకముందే ఊరి పటం గీయాలి. ప్రతి ఆవాసం, బడి, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు, పిల్లలు నడిచే దారి అందులో ఉండాలి. పటం గీయడానికి పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకసారి, వాడలో ఒకసారి విడివిడిగా కూర్చో. రెండు పటాలూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ తేడాను చెరిపేయకు, దాచుకో. వాడవాళ్లు గీసిన దారి పంచాయతీ పటంలో లేకపోవడం కూడా ఒక సమాచారమే.

తర్వాత ఇళ్ల జాబితా. ఓటర్ల జాబితాతోనో రేషన్ కార్డుల జాబితాతోనో పని కానిచ్చేయాలనిపిస్తుంది. రెండింటిలోనూ వలస వెళ్లినవాళ్లు ఉంటారు, వలస వచ్చినవాళ్లు ఉండరు. ఇటుకబట్టీ దగ్గర గుడిసెలు వేసుకున్నవాళ్లు ఏ జాబితాలోనూ దొరకరు. నడిచి రాయడం తప్ప దారి లేదు. 400 గడపల ఊరికి ఇద్దరికి నాలుగైదు రోజులు పడుతుంది. తోడుగా ఊరినుంచి ఒకరిని, వాడనుంచి ఒకరిని పెట్టుకో. తాళం వేసిన ఇంటిని వదిలేసి పక్కింటిని తీసుకోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. పాలమూరులోనో, పశ్చిమ ప్రకాశంలోనో, అనంతపురంలోనో తాళం వేసి ఉన్న ఇల్లు చాలాసార్లు వలస పోయినవాళ్లది. చదువు తెగేది ముందుగా ఆ ఇంటి పిల్లలకే. పక్కింటితో సరిపెట్టావంటే నువ్వు వెతుకుతున్నవాళ్లనే లెక్కలోంచి తీసేసినట్టు. తాళం ఉందని రాసుకో. మూడుసార్లు వెళ్లు, అందులో ఒకసారి పొద్దుగూకాక. అప్పటికీ దొరకకపోతే "దొరకలేదు" అన్న గడిలో చేర్చు. ఆ గడిలో ఎందరున్నారో, ఏ వీధివాళ్లో వ్యాసంలో అచ్చవ్వాలి.

ఇళ్లను ఎంచుకునే పద్ధతికి అసర్ సర్వేను, అంటే ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును కొలిచే దేశవ్యాప్త సర్వేను చూడు. వాళ్లు పాటించే పద్ధతి సులువైనది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. ఊరిని నాలుగు భాగాలు చేస్తారు. ప్రతి భాగం మధ్యనుంచి బయల్దేరి ఎడమవైపు ప్రతి ఐదో ఇల్లు తీసుకుంటూ, భాగానికి ఐదు ఇళ్లు పూర్తి చేస్తారు. నాలుగు భాగాలు చేయడం వల్ల సర్వే అంతా రచ్చబండ చుట్టూ తిరిగి అయిపోదు. నీ ఊళ్లలో వాడ చిన్నదైతే భాగానికి ఐదు చొప్పున తీసినా ఎక్కువ ఇళ్లు రావు. అక్కడ కావాలనే ఎక్కువ తీసుకుని, సగటు కట్టేటప్పుడు బరువులు సరిచెయ్యి, అంటే ఆ ఇళ్లకు ఊళ్లో వాటికున్న అసలు వాటా మేరకే లెక్కలో చోటివ్వు.

చదువు కొలవడంలోనూ వాళ్ల పద్ధతి పనికొస్తుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పరీక్ష పేరాతో మొదలుపెడతారు. తడబడితే పదాలకు దిగుతారు, సాఫీగా చదివితే కథ ఇస్తారు. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పదాల స్థాయి వచ్చినట్టు. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలు చాలు. వచ్చే చిక్కు ఎక్కడంటే, చుట్టూ పెద్దవాళ్లు మూగి అందిస్తుంటారు. పిల్లను కాస్త దూరంగా, తల్లికి కనిపించేంత దూరంలో కూర్చోబెట్టు. కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్లలో తెలుగు పేరా చదవలేకపోతే అది చదవడం రాకపోవడమా, తెలుగు రాకపోవడమా అన్నది విడదీయాలి. ఇంట్లో ఏ భాష అన్న ప్రశ్న మొదటి పేజీలో లేకపోతే తర్వాత ఎంత లెక్కగట్టినా అది తేలదు.

ఇక నీ 12 బడులు, 600 మంది పిల్లలు. 600 పెద్ద సంఖ్యలా ఉంది కానీ ఒకే బడి పిల్లలకు ఒకే టీచరు, ఒకే వీధి, ఒకే వర్షం. అందుచేత వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. పోలికే లేకపోతే సున్నా, అందరూ ఒకేలా ఉంటే ఒకటి అన్న కొలతలో ఆ పోలికను 0.2 అనుకుందాం, చదువు కొలతల్లో అది అసాధారణమైన అంకె కాదు. బడికి 50 మంది అయితే 49ని 0.2తో గుణించి ఒకటి కలుపు, 10.8 వస్తుంది. 600ను దానితో భాగిస్తే 56. అంటే నీ 600 మంది చెప్పేది విడివిడిగా ఎంచిన 56 మంది చెప్పేదానితో సమానం. పేరా చదవగలిగినవాళ్లు ఇంత శాతం అని నువ్వు తేల్చే అంకె అటూ ఇటూ 13 పాయింట్ల దాకా ఊగుతుంది. అదే 40 బడుల్లో 15 మంది చొప్పున తీసుకుంటే భాజకం 3.8, ఫలితం 158, ఊగిసలాట 8 లోపు. శ్రమ కాస్త పెరుగుతుంది, ఖర్చు ప్రయాణానికే. కాబట్టి లెక్కకు ఎక్కువ బడులు, తక్కువ పిల్లలు. లోతుగా అర్థం చేసుకోవడానికి మాత్రం మూడు ఊళ్లు చాలు. ఇళ్ల జాబితా, పటాలు, సుదీర్ఘ సంభాషణలు ఆ మూడింట్లోనే పెట్టుకో. ఈ రెంటినీ 12 బడుల్లో కలిపి చేయబోతే లెక్కా నిలవదు, లోతూ రాదు.

నమోదు, హాజరు, అభ్యాసం అనే మూడింటినీ నువ్వు ఒకే పేరాలో ఒకదానికి బదులు ఒకటి వాడావు. రిజిస్టరులో పేరు ఉండటం, ఆ రోజు బెంచీ మీద ఉండటం, పేరా చదవగలగడం వేర్వేరు. ఒకే పిల్లవాడి పేరు సర్కారు బడిలోనూ ప్రైవేటు బడిలోనూ ఉండొచ్చు. తలలు నువ్వే లెక్కపెట్టు, మధ్యాహ్న భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. సంతరోజు, జాతర రోజు ఒక్కటే వెళ్లి హాజరు తక్కువని రాయకు. పత్తి తీతలు, మిరప కోతలు నడిచే నెలల్లో ఒకసారి, లేని నెలల్లో ఒకసారి వెళ్తే ఆ తేడా నీ పనికి ప్రాణం పోస్తుంది.

పాఠశాల యాజమాన్య కమిటీ గురించి నీ ప్రశ్న ఒక్కటే: "కమిటీ చురుగ్గా ఉందా?" దీనికి ప్రధానోపాధ్యాయుడు ఉందంటాడు, అక్కడితో ఆగిపోతావు. విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి, బలహీన వర్గాల వారికి దామాషాలో చోటుండాలి. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధుల వాడకం చూడటం కమిటీ పనులు. మినిట్స్ పుస్తకం చేతికి తీసుకుని గత ఏడాది సమావేశాల తేదీలు, సంతకాలు, వేలిముద్రలు, చర్చించిన అంశాలు రాసుకో. తర్వాత అదే సభ్యుల ఇళ్లకు వెళ్లి "ఆఖరిసారి మీటింగులో దేని గురించి మాట్లాడారు?" అని అడుగు. పుస్తకంలో పేరుండి తాను సభ్యురాలినన్న సంగతే తెలియని తల్లి కనిపిస్తే, ఆమె ఏ వీధి మనిషో రాసుకో. పుస్తకానికీ జ్ఞాపకానికీ మధ్య ఎడం ఏ వీధిలో ఎక్కువో పట్టిక వేస్తే "భాగస్వామ్యం" అన్న మాట నీకు దక్కుతుంది.

గుంపు చర్చకు ఎక్కడ కూర్చున్నావన్నది ఏం అడిగావన్నదాని కన్నా ముఖ్యం. రచ్చబండ దగ్గర పెడితే వాడ ఆడవాళ్లు రారు, వచ్చినా వెనక నిలబడతారు. బడిలో పెడితే టీచరు ముందు బడి మీద ఫిర్యాదు బయటికి రాదు. ఆరు నుంచి ఎనిమిది మంది, ఒక వీధివాళ్లే, వాళ్ల అరుగు మీదే. కూలికి వెళ్లేవాళ్లకు సాయంత్రం వంట అయ్యాకే తీరిక. గంట రికార్డింగు కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, దాన్ని కాలపట్టికలో ముందే వేసుకో.

రాసేటప్పుడు వాళ్ల మాట వాళ్ల యాసలోనే పెట్టు. ఇక్కడ కొంచెం నిలిచి చెబుతాను, ఎందుకంటే నీ ఫారంలో "డ్రాపౌట్" అన్న గడి ఒక్కటే ఉంది. తల్లిదండ్రులు ఆ మాట అనరు. "మానేసిండు" అంటారు, "మాన్పించినం" అంటారు, "మానాల్సొచ్చింది" అంటారు. మొదటిదాంట్లో నిర్ణయం పిల్లవాడిది, రెండోదాంట్లో ఇంటిది, మూడోదాంట్లో ఇద్దరిదీ కాదు. కర్త ఎవరో క్రియే చెప్పేస్తోంది. ఒకే తల్లి కొడుకు విషయంలో మానేసిండనీ, కూతురి విషయంలో మాన్పించినమనీ అనవచ్చు. ఇంగ్లీషులోకి మార్చి కోడింగ్ చేస్తే, అంటే జవాబులకు గుర్తు పేర్లు పెట్టి వర్గాలుగా విడదీస్తే, ఇదంతా పోతుంది. తెలుగులోనే కోడ్లు పెట్టు. పదింట ఒక వంతు కాగితాలను ఇంకొకరి చేత విడిగా కోడ్ చేయించి, తేడా వచ్చినచోట ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అనువాదం అచ్చుకు వెళ్లే వాక్యాలకు మాత్రమే, చివర్లో.

కారణాల జోలికి వెళ్లేటప్పుడు తొందరపడకు. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన పెద్ద అధ్యయనంలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 500 బడులను తీసుకున్నారు. అందులో ఒక భాగం, లాటరీ వేసి ఎంచిన బడులకు సామగ్రి కోసం నిధులివ్వడం. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది డబ్బు వస్తుందని ముందే తెలిసేసరికి తల్లిదండ్రులు నోటుపుస్తకాలకు, పెన్సిళ్లకు పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడాది అదనపు ఫలితం కనిపించలేదు. బడి రికార్డులు మాత్రమే చూసినవాడికి నిధులు వృథా అయ్యాయనే తోస్తుంది. ఇంటి ఖర్చు కూడా అడిగారు కాబట్టి అసలు సంగతి తెలిసింది. నీ ఫారంలో ఇంటి ఖర్చు లేదు. ఫీజు, ట్యూషను, ఆటో, పుస్తకాలు, బట్టలు విడివిడిగా, పిల్లవాడి వారీగా చేర్చు. "మొత్తం ఎంత?" అని అడిగితే వచ్చేది ఊహే.

నీ ఫారంలో గడి లేని చోటకూ చదువు ఫలితం పారుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రిబడుల్లో చదివిన పాఠాలే సారా వ్యతిరేక పోరాటానికి దారితీశాయి. దూబగుంటలో మొదలైన కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. ఎంతమంది సంతకం నేర్చుకున్నారన్న లెక్క ఒక్కటే వేసిన నివేదికలో అది దొరకదు. ప్రతి ఫారం చివర అరపేజీ ఖాళీ వదులు.

అనుమతి విషయం. ప్రధానోపాధ్యాయుడు సరేనంటే పిల్లలు ఒప్పుకున్నట్టు కాదు. తల్లికో తండ్రికో చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకో, పిల్లను విడిగా అడుగు, వద్దంటే ఆపెయ్యి. పేర్లు మార్చినంత మాత్రాన గోప్యత రాదు. ఊళ్లో ఒకటే యానాది ఇల్లు ఉంటే "ఒక యానాది తల్లి" అన్నా ఎవరో అందరికీ తెలుస్తుంది. అలాంటిచోట మండలం పేరు కూడా తీసెయ్యి.

వ్యాసంలో "చాలామంది", "అత్యధికులు" అన్నవి కొట్టేసి అంకె పెట్టు. మొత్తం 30 కన్నా తక్కువైతే శాతం వద్దు, "12 మందిలో 5గురు" అను. "గ్రామస్తులు" అన్న ప్రతిచోటా ఆగి ఏ ఆవాసం, ఆడా మగా, ఎవరి అరుగు మీద అని అడుగు. జవాబు నీ నోటుపుస్తకంలో ఉంటే మాట మార్చు, లేకపోతే వాక్యం తీసెయ్యి. సారాంశం అన్నిటికన్నా చివర రాయి.

అచ్చుకు పంపే ముందు రెండు పేజీల తెలుగు కాగితం చేసుకుని మూడు ఊళ్లకూ తిరిగి వెళ్లు. బడిలో ఒకసారి, వాడలో ఒకసారి చదివి వినిపించు. తప్పు ఎక్కడుందో వాళ్లు చెప్తారు, అది సవరించడానికి రెండు వారాలు మిగుల్చుకో.

ప్రశ్నావళి ఇప్పుడే పంపకు. మొదటి ఊరి పటాలు రెండూ, ఇళ్ల జాబితాలో తాళం వేసి ఉన్న ఇళ్ల పేజీ ముందు పంపు. అవి చూశాక ప్రశ్నల గురించి మాట్లాడుకుందాం.