దేశాల చర్చలు ఆన్‌లైన్‌లో ఆడిస్తే పిల్లలకు ఏమైనా వస్తుందా?

డిగ్రీ పిల్లలతో ఆన్‌లైన్‌లో దేశాల మధ్య చర్చలు ఆడిస్తే అంతర్జాతీయ సంబంధాలు నిజంగా ఒంటబడతాయా అని అడిగారు. ఒంటబడతాయి. తిరుపతిలో పొలిటికల్ సైన్స్ చెప్పే నాకు ఇందులో రవ్వంత అనుమానం లేదు. అయితే జూమ్‌లో కూర్చోబెట్టి ఉపన్యాసాలు ఇప్పిస్తే రాదు. రోజుల తరబడి, రాతలో, చాటుగా మంతనాలకు వీలుండేలా ఆడించాలి.

నేను ఫరక్కా నీళ్ల గొడవ ఇచ్చాను. ఫరక్కా అంటే పశ్చిమ బెంగాల్‌లో గంగ మీద భారత్ కట్టిన బ్యారేజీ, దాని దిగువన బంగ్లాదేశ్. భారత్, బంగ్లాదేశ్ 1996లో కుదుర్చుకున్న గంగా జలాల ఒప్పందం సంగతి ముందు చెప్పలేదు. జట్టుకో వాట్సాప్ గ్రూపు, అందరికీ కలిపి ఒకటి. విడిగా ఎవరికైనా రాసుకోవచ్చు, నాకు మాత్రం చూపించాలి. ఎండాకాలంలో ప్రవాహం 70 వేల క్యూసెక్కుల కంటే తక్కువకు పడిపోతే ఎవరికెంత? సగం సగం అన్నారు. ఆ సగం ఎవరి పైరుకూ చాలదని తేలాక పీటముడి పడింది.

బంగ్లాదేశ్ జట్టులో పలమనేరు వైపు అమ్మాయి ఒకామె ఉంది. క్లాసులో నోరు విప్పదు. రాత్రి పొద్దుపోయాక భారత్ జట్టుకు ఇలా రాసింది: "మా పెదనాన్నోళ్లకీ మాకూ ఉమ్మడి బావి. నీళ్లు తగ్గితే సగం సగం తోడుకోము, వంతు వేసుకుంటాము. కొన్నాళ్లు మీకు నిండుగా, తర్వాత మాకు నిండుగా."

చదివి ఒళ్లు జలదరించింది. అసలు ఒప్పందంలో ఉన్నదీ అదే. ఎండలు ముదిరే మార్చి 11 నుంచి మే 10 దాకా, పది రోజులకొకరు చొప్పున 35 వేల క్యూసెక్కుల హామీ.

భారత్ జట్టు వెంటనే ఒప్పుకోలేకపోయింది. ఎందుకంటే పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రికీ నేనొక కుర్చీ వేశాను. నీళ్లు అటు వదిలేస్తే కోల్‌కతా రేవులో పూడిక పేరుకుంటుంది, దాన్ని ఎవరు తీస్తారని ఆ అబ్బాయి అడ్డం తిరిగాడు. పరాయి దేశంతో కన్నా అతనితోనే ఢిల్లీవాళ్లకు ఎక్కువ పొద్దు పోయింది. 2011లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ కాదంటే బంగ్లాదేశ్‌తో తీస్తా నది నీళ్ల ఒప్పందం ఎందుకు ఆగిపోయిందో తర్వాత వాళ్లే నాకు వివరించారు. ఏ గైడూ ఇంత నేర్పదు.

పిల్లలు దేశాల ప్రతినిధులుగా ఐక్యరాజ్యసమితి సభను అనుకరించే మోడల్ యూఎన్ పోటీలంటే నాకు మంట. కోట్లు, టైలు, ఇంగ్లీషు ప్రసంగం, చివర్లో ఉత్తమ ప్రతినిధి బహుమతి. సంప్రదింపులంటే ఎదుటివాణ్ణి నోరు మూయించడమని పిల్లల బుర్రకెక్కిస్తున్నారు. పైన చెప్పిన అమ్మాయి అక్కడైతే వెనక బెంచీలో కూర్చుని సర్టిఫికెట్ తీసుకుని వచ్చేది. కాలేజీలకు మాత్రం ఆ ఫొటోలే కావాలి. మీరు ఆడించేటప్పుడు పిల్లల్ని తెలుగులో రాయనివ్వండి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినా సరే.

మీదీ చిత్తూరు వైపే అయితే పాలారుతో మొదలుపెట్టండి. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే ఏరు. దాని మీద మనం కట్టే చెక్‌డ్యామ్‌ల గొడవలో తమిళనాడు ఎత్తిచూపేది 1892 నాటి మద్రాసు, మైసూరు ఒప్పందాన్ని. కర్ణాటకకు మనం కిందివాళ్లం, తమిళనాడుకు పైవాళ్లం. ఒకే జట్టుతో ఒక వారం కర్ణాటకను నీళ్లు అడిగించండి, మరుసటి వారం తమిళనాడుకు జవాబు చెప్పించండి.