వస్త్రాన్ని తిప్పి చూడు: గ్వాటెమాలా సంతలకు వెళ్తున్న యువ రచయిత్రికి

ప్రియమైన అమ్మాయికి,

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా కొండ ఊళ్ళ సంతల మీద, అక్కడి మూలవాసులైన మాయాల నేత మీద నువ్వు రాయబోయే వ్యాసాల నమూనా, పన్నెండు రోజుల ప్రయాణ పట్టిక రెండూ చదివాను. పట్టిక సంగతి తర్వాత చూద్దాం, ముందు శీర్షిక మార్చు. "మాయమైన మాయాలు" అని పెట్టావు. తెలుగులో ఆ రెండు మాటలు పక్కపక్కన చెవికి ఇంపుగా ఉంటాయి, అందుకే ఎవరికైనా అలా రాయాలనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. 2018 జనాభా లెక్కల్లో ఆ దేశంలో ప్రతి పదిమందిలో నలుగురు తాము మాయాలమని చెప్పారు. అక్కడ 22 మాయా భాషలకు గుర్తింపు ఉంది. నీకు టమాటాలు తూచి ఇచ్చే ఆవిడ ఇంట్లో మాట్లాడే భాష కిచేనో కక్చికెలో అయి ఉంటుంది, స్పానిష్ ఆమెకు రెండో భాష. బతికున్నవాళ్ళ గురించి రాస్తున్నానన్న స్పృహ మొదటి వాక్యం నుంచీ ఉండాలి.

నీ పేజీల్లో "రంగురంగుల" అన్న మాట లేని పేరా లేదు. ఆ మాట పూర్తిగా మానేసి చూడు. దాని చోట ఏ ఊరి గుడ్డ, ఏ మగ్గం, ఎన్ని ముక్కలు, ఏ నూలు అని రాయాల్సి వస్తుంది. అక్కడి నుంచే అసలు రాత మొదలవుతుంది.

మగ్గం దగ్గర మొదలుపెట్టు. ఆడవాళ్ళు నడుముకు కట్టుకుని నేసే మగ్గాన్ని స్పానిష్‌లో తెలార్ దె సింతూరా అంటారు. మన గుంటమగ్గం చూసిన పాఠకుడికి అందులో ఏమేమి లేవో ముందు చెప్పు: చట్రం లేదు, గుంట లేదు, కాలితో తొక్కే చెక్కలు లేవు, దువ్వెనలాంటి పన్నె లేదు. రెండు కర్రల మధ్య పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి ఒక కర్రను చెట్టుకో స్తంభానికో కడతారు. రెండో కర్రకు కట్టిన పట్టీ నేసే మనిషి నడుము వెనక నుంచి తిరిగి వస్తుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఆ బిగింపంతా ఆమె ఒంట్లోనే ఉంది. గుడ్డ వెడల్పు కూడా ఆమె చేతులు రెండు పక్కలా సులువుగా అందేంతే.

పడుగు పోగులు రెండు జట్లుగా ఉంటాయి. ఒక జట్టు లావుపాటి కర్ర మీదుగా పోతుంది. రెండో జట్టులో ప్రతి పోగుకూ దారంతో ఉచ్చు వేసి, ఆ ఉచ్చులన్నీ ఒక సన్నకర్రకు కడతారు. లావు కర్రను దగ్గరికి జరిపితే ఒక సందు తెరుచుకుంటుంది. ముందుకు వంగి పడుగు వదులు చేసి ఉచ్చుల కర్రను పైకెత్తితే రెండోది తెరుచుకుంటుంది. కత్తిలాంటి నున్నటి గట్టి చెక్కను సందులో దూర్చి నిలబెట్టి, అడ్డంగా పేక దారం పంపి, అదే చెక్కతో కొట్టి బిగిస్తారు. నేతకు ముందు పడుగుకు మొక్కజొన్న గంజి పెడతారు. గంజి సరిపోకపోతే పోగులు రాసుకుని నూగు లేస్తాయి, సందు శుభ్రంగా తెరుచుకోదు, లాగితే పోగు తెగుతుంది. ఇదంతా ఒక పూట కూర్చుని చూడు. ఫోన్ సంచిలోనే ఉంచి, ఆమె ఎప్పుడు వాలుతోందో ఎప్పుడు వంగుతోందో మాత్రమే రాసుకో.

ఆ తర్వాత బుటాలు. పూలు, పిట్టలు, కోణాల వరసలు గుడ్డ మీద కుట్టినవి అనుకుని "ఎంబ్రాయిడరీ" అని రాసేశావు. చాలా ఊళ్ళలో అది కుట్టుపని కాదు. నేస్తుండగానే అదనపు రంగుదారాన్ని వేళ్ళతోనో చిన్న పుల్లతోనో పడుగు పోగుల మధ్య ఇమిడ్చి, దాని మీద మళ్ళీ మామూలు పేక వేస్తారు. ఉప్పాడ జామ్‌దానీ తెలిసిన తెలుగువాళ్ళకు ఆ పోలిక ఒక్కటి చాలు. అయితే అతిత్లాన్ సరస్సు ఒడ్డున ఉన్న శాంతియాగో అతిత్లాన్‌లో పిట్టలు నిజంగానే సూదితో కుట్టినవి. కాబట్టి ఊరు మారినప్పుడల్లా మళ్ళీ చూసి రాయాలి.

ఎలా తెలుస్తుంది అంటావా? తిప్పి చూడు. విపీల్, అంటే ఆడవాళ్ళు పైన వేసుకునే వస్త్రం, లోపలి వైపు నీకు చాలా సంగతులు చెబుతుంది. నేతలో పెట్టిన దారం పేక దిక్కులోనే నడుస్తుంది, పడుగుకు అడ్డంగా, వరసకు వరస. యంత్రపు కుట్టు అయితే వెనక ఒకే రంగు అడుగుదారం కనిపిస్తుంది, కొన్నిసార్లు గుడ్డ ముడతలు పడకుండా పెట్టిన కాగితంలాంటి పొర ముక్కలు కూడా మిగిలి ఉంటాయి. అచ్చు వేసిన గుడ్డయితే వెనక వెలవెలబోతుంది. శాన్ ఆంతోనియో అగ్వాస్ కాలియెంతెస్‌లో రెండు వైపులా బొమ్మ ఒకేలా వచ్చే నేత ఉంది. అక్కడ లోపలి వైపు చూసి ఇదే పైవైపేమో అనుకుంటావు. అలాంటి గుడ్డకు ధర ఎందుకు ఎక్కువో అడగకుండానే తెలుస్తుంది.

ఇంకొకటి, అంచులు. ఈ మగ్గం మీద ముక్కను నాలుగు వైపులా అంచుతో నేయవచ్చు, మగ్గం నుంచి తీయడానికి కత్తిరించక్కర్లేదు. మొదలు ఒక చివర నుంచి కొంత నేసి, మగ్గం తిప్పి రెండో చివర నుంచి నేస్తూ వచ్చి కలుపుతారు. కలిసేచోట నాలుగు వేళ్ళ మేర చాలా కష్టం. చెక్క దూరదు, పుల్లలు మార్చి మార్చి సన్నవి వాడాలి, ఆఖరికి సూదితో పేక పంపాలి. అందుకే అక్కడ నేత కొంచెం పల్చగా ఉంటుంది. ఆ చోటును వేలితో తడిమి చూడు, తేడా తెలుస్తుంది. దాన్ని లోపం అని రాయకు. అది చేతిపని గుర్తు. ఇలాంటి ముక్కలు రెండో మూడో పక్కపక్కన కలిపి కుడితే విపీల్ అవుతుంది. రెండు ముక్కలదైతే మధ్య కుట్టులో తల పట్టేంత చీలిక వదులుతారు. మూడు ముక్కలదైతే నడిమి ముక్కలో మెడ కత్తిరిస్తారు.

కింద చుట్టుకునే గుడ్డ కోర్తే. దాన్ని ఎక్కువగా కాలి మగ్గం మీద, చాలాచోట్ల మగవాళ్ళు నేస్తారు. ఆ మగ్గం స్పెయిన్ వాళ్ళతో వచ్చింది. కోర్తేల మీద కనిపించే అంచులు చెదిరిన బొమ్మల నేతను హస్పే అంటారు. నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచి, ముడులు విప్పి నేయడం, అంటే మన పోచంపల్లి పనే. కేత్సాల్తెనాంగో దగ్గర సల్కహా ఊరు దీనికి పేరు. పోచంపల్లి నుంచి అక్కడికి వెళ్ళిందనో, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందనో ఊహించి రాయకు. పని ఒకటే అన్నంతవరకు ఆగు. నకిలీ పట్టుకోవాలంటే బొమ్మ అంచు చూడు. ముడి కట్టిన నూలులో రంగు కాస్త పాకి అంచు చెదురుతుంది, అచ్చు గుడ్డలో గీత గీసినట్టు ఉంటుంది.

రంగు పోతోందని నేత నకిలీ అనుకోవద్దు. సహజమైన నీలిమందు కూడా తడిగుడ్డతో రుద్దితే కొంచెం అంటుతుంది. నూలు పత్తిదా, యాక్రిలిక్‌దా తెలియాలంటే అంచు నుంచి రాలిన పోగు ఒకటి అమ్మే ఆవిడను అడిగి తీసుకుని కాల్చు. పత్తి కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, యాక్రిలిక్ కరిగి ఉండ కడుతుంది. యాక్రిలిక్ అని తేలితే ముఖం చిట్లించకు. మెరుపు దారం, కొత్త రంగులు, పక్క ఊరి డిజైన్ ఇవన్నీ అక్కడి ఆడవాళ్ళే ఇష్టపడి ఎంచుకున్నవి. రసాయన రంగులు 19వ శతాబ్దం చివర్లోనే అక్కడికి చేరాయి. "వందల ఏళ్ళుగా మారని సంప్రదాయం" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టెయ్యి.

ఇక పట్టిక. పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు వేసుకున్నావు. నాలుగు చాలు. సంతల వారాలు చూసి కూర్చుకోవాలి. చిచికాస్తెనాంగో గురువారం, ఆదివారం. సొలొలా మంగళవారం, శుక్రవారం. శాన్ ఫ్రాన్సిస్కో ఎల్ ఆల్తో శుక్రవారం. మొమొస్తెనాంగో ఆదివారం, అక్కడ ఉన్ని దుప్పట్లు ముఖ్యం. నీ పట్టికలో శుక్రవారం ఉదయం రెండు ఊళ్ళున్నాయి, అది కుదరదు. సొలొలాను మంగళవారానికి మార్చు. మొదటి వారం సరస్సు ఒడ్డున పనహచెల్‌లో ఉండు. అక్కడి నుంచి సొలొలా కొండెక్కే బస్సులో అరగంట. చిచికాస్తెనాంగోకు లోస్ ఎన్‌క్వెంత్రోస్ కూడలిలో బస్సు మారవచ్చు. రెండో వారం కేత్సాల్తెనాంగోలో ఉండి మిగతావి చూడు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు పెద్దగా వానలుండవు, కానీ ఆ సంతలన్నీ దాదాపు రెండు వేల మీటర్లు, అంతకు పైన ఎత్తున్న ఊళ్ళలో జరుగుతాయి. తెల్లవారుజామున సంతలో వేళ్ళు కొంకర్లు పోతే కలం పట్టలేవు. స్వెట్టర్ మర్చిపోకు.

చిచికాస్తెనాంగోకు ముందురోజు సాయంత్రమే చేరు. కర్రలు పాతి అంగళ్ళు కట్టడం చూడవచ్చు. యాత్రికుల బస్సులు వచ్చేలోగా తెల్లవారి కూరగాయల సంత చూసెయ్యి. అది కప్పున్న పెద్ద భవనంలో జరుగుతుంది, పై వరండా నుంచి చూస్తే కింద తలగుడ్డల వరసలు కనిపిస్తాయి. శాంతో తొమాస్ చర్చి మెట్ల మీద పూలమ్మేవాళ్ళు, కొపాల్ అనే చెట్టు బంకతో ధూపం వేసేవాళ్ళు ఉంటారు. ముందు ద్వారం వాళ్ళ క్రతువులకు, నువ్వు పక్క ద్వారం నుంచి వెళ్ళాలి. లోపల ఫోటో తీయకూడదు. మాయా పురాణం పొపోల్ వూహ్‌ను ఫ్రాన్సిస్కో హిమెనెస్ అనే పాదిరీ 18వ శతాబ్దం మొదట్లో ఈ ఊళ్ళోనే నకలు రాసుకున్నాడు. ఆ ప్రతి ఇప్పుడు చికాగో న్యూబెర్రీ లైబ్రరీలో ఉంది.

సొలొలా సంత నీ పుస్తకానికి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అది ఊరివాళ్ళ కోసం జరిగే సంత. అక్కడ మగవాళ్ళు కూడా సొంత దుస్తుల్లో కనిపిస్తారు. వాళ్ళ కోటు వీపు మీద గబ్బిలం గుర్తు చూడు. అది ఆ ఊరి చిహ్నం. బొమ్మలకు అర్థాలు రాసేటప్పుడు ఇలా అందరూ ఒప్పుకునేవి చాలా తక్కువని గుర్తుంచుకో. చిచికాస్తెనాంగో విపీల్ మెడ చుట్టూ ఉన్న కిరణాలు సూర్యుడనీ, భుజాల మీద, ముందు, వెనక ఉండే బిళ్ళలు నాలుగు దిక్కులనీ కొందరు చెబుతారు. ఇంకొకరు వేరే అర్థం చెబుతారు. "ఈమె ఇలా చెప్పింది" అని రాయి, "మాయాల నమ్మకం ప్రకారం" అని రాయకు. అసలు అర్థం ముందుగా అడగకపోవడమే మంచిది. "నేత ఎవరు నేర్పారు, నూలు ఎక్కడ కొన్నావు, ఎన్ని పౌండ్లు పట్టింది, రోజుకు ఎంతసేపు కూర్చుంటావు, ఇది ఎవరి కోసం" అని అడుగు. వీటికి సూటిగా జవాబులొస్తాయి. కిచేలో "మల్త్యోష్", కక్చికెల్‌లో "మత్యోష్" అంటే ధన్యవాదాలు. ఈ రెండు మాటలు నేర్చుకుని వెళ్ళు.

ఫోటో విషయంలో గట్టిగా చెబుతున్నాను. అడగకుండా తీయకు, పిల్లల ఫోటోలు అసలే తీయకు, పిల్లల్ని ఎత్తుకోకు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న భయం అక్కడ చాలా లోతైనది. 2000 ఏప్రిల్‌లో తొదోస్ శాంతోస్ కుచుమతాన్‌లో అలాంటి పుకారు నమ్మిన జనం ఒక జపాన్ యాత్రికుణ్ణి, ఒక గ్వాటెమాలా బస్సు డ్రైవరును చంపేశారు. యుద్ధం గురించి కూడా ముందుగా నువ్వు కదపకు. 36 ఏళ్ళ అంతర్యుద్ధం 1996 డిసెంబరు 29న ఒప్పందంతో ముగిసింది. కట్టును బట్టి మనిషిది ఏ ఊరో తెలిసిపోతుంది కాబట్టి ప్రాణభయంతో సొంత ఊరి కట్టు మానేసిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళంతట వాళ్ళు చెబితే విను. రాసేటప్పుడు పేరు, ఊరు రెండూ మార్చు.

బేరం ఆడు, కానీ సగానికి అడగకు. నిండా బుటాలున్న విపీల్ ఇంటిపనుల మధ్య నేస్తే నెలలు పడుతుంది. నూలు ఖరీదు తీసేసి మిగిలిన డబ్బును రోజులతో భాగించు. ఆ లెక్క నీ నోట్‌బుక్‌లోనే కాదు, నీ వ్యాసంలోనూ ఉండాలి. 5, 10, 20 కెత్సాళ్ళ నోట్లు దగ్గర ఉంచుకో, పెద్ద నోటుకు పొద్దున్నే చిల్లర దొరకదు. వాడిన విపీల్‌లను కత్తిరించి కుట్టిన సంచులు ఎక్కడ చూసినా ఉంటాయి. కొనడం కొనకపోవడం నీ ఇష్టం, కానీ ఒక మనిషి ఒంటి మీది బట్ట అక్కడిదాకా ఎలా వచ్చిందో అడగకుండా రాయకు. డిజైన్లను కంపెనీలు అనుమతి లేకుండా వాడుకోవడాన్ని ఆపాలని అఫెదెస్ అనే మహిళా సంఘంతో కలిసి నేత ఆడవాళ్ళు 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. దీనికి ఒక అధ్యాయం కేటాయించు. నీ పట్టికలో ఇది లేదు.

కొండ ఊళ్ళకు వెళ్ళేముందు రాజధానిలో ఇష్చెల్ అనే మాయా దుస్తుల మ్యూజియంలో ఒక పూట గడుపు. సంచిలో గుడ్డ టేపు, చిన్న భూతద్దం పెట్టుకో. చూసిన ప్రతి వస్త్రానికి ఒక పేజీ: ఊరు, భాష, తేదీ, ముక్కల సంఖ్య, వెడల్పు, సెంటీమీటరుకు పోగులు, మెడ ఎలా ఉంది, అడిగిన ధర. వచ్చాక మొదటి ముసాయిదా పంపేటప్పుడు ఆ పేజీలు కూడా జత చెయ్యి. ఫోటోలు పంపితే పైవైపువి అక్కర్లేదు, లోపలి వైపువి పంపు.

ఆశీస్సులతో.