అమిష్ ప్రేమకథల నెమ్మది ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉంటుంది. ఆధునిక సౌకర్యాలకు చాలావరకు దూరంగా, పాతపద్ధతుల్లో బతికే అమిష్ అనే క్రైస్తవ సమాజం నేపథ్యంగా ఇంగ్లీషులో వచ్చే చిన్న ప్రేమకథల పుస్తకాలను నాకు పంపుతోంది. వాటిలో పెద్ద సంఘటనలేవీ ఉండవు; నాయికానాయకులు చేయీచేయీ పట్టుకునేసరికే కథ ముగుస్తుంది. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఈ ఆకర్షణకు కారణమేమిటి? మన నల్గొండ ప్రాంతపు జీవితం మీద ఇటువంటి కథలు రాయవచ్చునా?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: గుర్రపు బగ్గీ, లాంతరు వెలుగు, ఫోను మోగని ఇల్లు తమను ఆకట్టుకుంటాయని చాలామంది పాఠకులు అంటారు. ఈ కథలు చదివేవారిలో అత్యధికులు అమిష్‌లు కారు కనుక, తీరిక లేని బతుకుల్లో ఉన్నవారికి ఆ ప్రశాంతత హాయినివ్వడం సహజమే. కానీ ప్రశాంతత ఒక్కటే ఎవరినీ చివరి పుట దాకా చదివించలేదు. నా దృష్టిలో ఆ కథల అసలు బలం వాటి వెనుకనున్న కట్టుబాటులో ఉంది.

1693లో జాకబ్ అమ్మన్ నాయకత్వంలో స్విట్జర్లాండు, అల్సేస్ ప్రాంతాల అనబాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖ నుంచి విడివడి, 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలసరావడం మొదలుపెట్టిన ఈ సమాజంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు; ఎదిగాక ఎవరికి వారు నిర్ణయించుకొని తీసుకోవాలి. తీసుకోకముందే బయటికి వెళ్లినవారికి సాధారణంగా వెలి ఉండదు, తీసుకొని ఆ మాట తప్పినవారికే ఉంటుంది. పెళ్లి జరగాలంటే వధూవరులిద్దరూ బాప్తిస్మం పొంది ఉండాలి. అందువల్ల ఆదివారం రాత్రి యువజనుల కీర్తనల కూడిక ముగిశాక, ఒక అబ్బాయి ఒక అమ్మాయిని తన బగ్గీలో ఇంటి దగ్గర దింపుతానన్నప్పుడు, ఆ ఒక్క మాటకు ఆమె చెప్పే సమాధానంలో తల్లిదండ్రులు, దైవం, ముందున్న జీవితం మొత్తం ఇమిడి ఉంటాయి. ఒక్క రాత్రి, ఒక్క నిర్ణయం చాలు కనుకనే చిన్న కథకు ఈ వస్తువు అంత చక్కగా అమరుతుంది.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు అమిష్‌లలో పెళ్లిళ్లు ఎక్కువగా కోతలు ముగిశాక, నవంబరులో జరుగుతాయి. ప్రేమ విషయాన్ని వీలైనంత కాలం గుట్టుగానే ఉంచుతారు. అయితే పెళ్లి విందుకు సెలెరీ అనే కాడల కూర తప్పనిసరి కావడంతో, ఒక ఇంటి పెరట్లో ఆ ఏడాది సెలెరీ సాళ్లు ఎక్కువగా కనిపిస్తే, మన దగ్గర ఇంటికి సున్నం వేయగానే వాడకట్టు పసిగట్టినట్టు, ఇరుగుపొరుగు విషయం గ్రహిస్తారు. నాయిక నోరు విప్పకముందే ఆమె తల్లి నాటిన మొక్కలు కథ చెప్పేస్తాయి. మంచి రచయిత్రి ఇటువంటి చోట సంభాషణ జోలికే పోదు. మీరు ఉపాధ్యాయురాలు కనుక ఇంకొకటి గమనించే ఉంటారు: ఆ ఆడపిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, ఈ కథలు చాలావరకు ఆ సంగతిని తేలికగా దాటేస్తాయి. అది నాకు లోపంగానే తోస్తుంది.

ఇక మన ప్రాంతం మాట. చేనేత ఊళ్లైన పుట్టపాకలోనో పోచంపల్లిలోనో అర్ధచంద్రాకారపు చట్రం ముందు కూర్చొని, ఒక చీర కోసం చేతిని వేలసార్లు అటూ ఇటూ కదుపుతూ ఆసు పోసే, అంటే నూలును ఆ చట్రం మేకులకు చుట్టే, యువతిని తీసుకోండి. భుజం నొప్పిని ఇంట్లో ఎవరికీ చెప్పని ఆ పిల్ల అవస్థను, నూలు ఇవ్వడానికి వచ్చిన ఒక యువకుడు గమనించడంతోనే ప్రేమకథ మొదలుకావచ్చు. పనిలో పుట్టిన ఆపేక్షకు పెద్ద మాటలు అవసరం లేదు.

అయితే ఒక జాగ్రత్త తప్పదు. అమిష్ నాయిక తాను ఒప్పుకున్న కట్టుబాటుకు లోబడి ఉంటుంది. మన పల్లెల్లో ప్రేమకు అడ్డం వచ్చే కులాన్ని ఎవరూ కోరి తెచ్చుకోలేదు. ప్రేమించి పెళ్లి చేసుకున్నందుకు ప్రాణాలు తీసిన ఘటనలు మన జిల్లాలోనే జరిగాయి. అటువంటి హద్దును అందమైన నేపథ్యంగా చూపిస్తే, ఎంత సున్నితంగా రాసినా ఆ కథ అబద్ధమవుతుంది. కనుక ఆ ఇద్దరిదీ ఏ కులమో, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో కథ ఆరంభంలోనే పాఠకులకు తెలియనివ్వండి. ఆ తరువాత మీరు ఎంత నెమ్మదిగా నడిపించినా వారు మీ వెంటే వస్తారు.